ఆకారమే లేని ప్రోటీన్ ముక్క.. తెల్ల రక్తకణం తలరాత రాసేది మాత్రం అదే!

ఎమ్మిగనూరులో ఏ నేతన్నను అడిగినా చెబుతాడు. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు మిగిలిన పోగుల కొసలను కోసి పారేయరు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకే కలుపుతారు. దీన్నే అచ్చు అతకడం అంటారు. వదులుగా వేలాడే ఆ కొసలే లేకపోతే తర్వాతి చీర మొదలవ్వదు.

సరిగ్గా ఇలాంటి వదులు కొసలే మనిషి ఒంట్లోని చాలా ప్రోటీన్లకూ ఉంటాయి. వాటికి ఒక స్థిరమైన ఆకారమంటూ ఉండదు. పరిశోధకులు ఒకప్పుడు వాటిని పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు లెక్క మారింది. రోగాల నుంచి కాపాడే తెల్ల రక్తకణాల్లో ఏది ఏ రకంగా తయారవ్వాలో తేల్చడంలో ఈ కొసలదే కీలక పాత్ర అని తేలుతోంది. ఆ పని గాడి తప్పితే పిల్లలను ఇన్‌ఫెక్షన్లు వదలవు. కొన్నిసార్లు వ్యవహారం లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ దాకా పోతుంది.

ఇంతకీ ఈ కొసలేంటి? అవి చేసే పనేంటి? పిల్లలున్న ఇళ్లకు దీనితో సంబంధమేంటి?

పత్తి ఒకటే.. బట్టలు వేరు

ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి అంతా ఒకేలా కనిపిస్తుంది. జిన్నింగ్ మిల్లులో గింజ వేరై, బేలుగా కట్టేదాకా తేడా ఉండదు. ఆ తర్వాత అది చీర అవుతుందా, పరుపులో దూది అవుతుందా, ఆసుపత్రిలో గాయానికి కట్టు అవుతుందా అన్నది దాన్ని ఎవరు ఎలా మలుస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది.

రక్తకణాల కథా అంతే. ఎముకల లోపలి మూలుగలో మూలకణాలు ఉంటాయి. ఎర్ర రక్తకణమైనా, తెల్ల రక్తకణమైనా పుట్టేది వాటి నుంచే. తెల్ల కణాల్లో మళ్లీ రకాలున్నాయి. యాంటీబాడీలు తయారుచేసేవి బీ కణాలు. వైరస్ సోకిన కణాలను వెతికి చంపేవి, మిగతా సైన్యానికి ఆదేశాలిచ్చేవి టీ కణాలు. ఎలర్జీ వచ్చినప్పుడు దురద, వాపు పుట్టించేవి మాస్ట్ కణాలు.

వీటన్నిటిలో ఉండే డీఎన్‌ఏ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడొస్తుంది? ఏ జన్యువును ఆన్ చేయాలి, దేన్ని ఆఫ్‌లో ఉంచాలి అన్న దగ్గరే. ఈ స్విచ్చులు వేసే ప్రోటీన్లనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మనిషిలో ఇలాంటివి 1,600కు పైగా ఉన్నట్లు 2018లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది.

ఒక్కో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌లో సాధారణంగా రెండు రకాల భాగాలుంటాయి. ఒకటి డీఎన్‌ఏను పట్టుకునే భాగం. దీనికి గట్టి ఆకారం ఉంటుంది. కొక్కెంలా డీఎన్‌ఏకు తగులుకుంటుంది. రెండోది వదులుగా వేలాడే కొస. దీనికి ఆకారం ఉండదు. ఇవాళ్టి కథంతా ఈ రెండో దాని గురించే.

తాళం-తాళంచెవి లెక్క ఎక్కడ తప్పింది?

ప్రోటీన్ పనిచేయాలంటే దానికి కచ్చితమైన ఆకారం ఉండాల్సిందే అన్నది వందేళ్ల నమ్మకం. 1894లో జర్మనీ శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ దీనికి తాళం-తాళంచెవి పోలిక చెప్పారు. 1958లో జాన్ కెండ్రూ మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ ఆకారాన్ని తొలిసారిగా బయటపెట్టారు. మన పక్కనే మద్రాసులో జీఎన్ రామచంద్రన్ బృందం 1963లో ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో మడత పడగలదో చూపించే పటం గీసింది. ప్రపంచమంతా ఇప్పటికీ దాన్ని రామచంద్రన్ ప్లాట్ అనే పిలుస్తుంది.

అయితే అన్ని ప్రోటీన్లూ ఈ లెక్కకు లొంగలేదు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో జన్యువును ఆన్ చేసే భాగానికి ఎంత వెతికినా ఆకారం దొరకలేదు. 1988లో పాల్ సిగ్లర్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసంలో వీటిని సరదాగా నూడుల్స్‌తో పోల్చారు. 1999లో పీటర్ రైట్, జేన్ డైసన్ అనే ఇద్దరు పరిశోధకులు గట్టిగానే వాదించారు. ఆకారం లేకపోవడం లోపం కాదు, చాలా ప్రోటీన్లు పనిచేసే పద్ధతే అది అన్నారు.

ఆ తర్వాతి లెక్కలు వాళ్ల మాటకే బలం చేకూర్చాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో పదింటికి ఎనిమిదికి పైగా ఇలాంటి పొడవాటి వదులు భాగాలున్నాయని కంప్యూటర్ విశ్లేషణల్లో తేలింది. ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని రూపొందించినవారికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. ఆ ఏఐ కూడా ఈ భాగాల దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. స్క్రీన్ మీద అవి ఎటూ తేలని నారింజ రంగు రిబ్బన్లలా కనిపిస్తాయి.

ఎందుకు మడత పడవు?

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. మొత్తం 20 రకాలు. వాటిలో కొన్ని నూనె లాంటివి, నీళ్లంటే పడదు. గొలుసులో అలాంటివి ఎక్కువుంటే అవన్నీ నీటికి దూరంగా లోపలికి ముడుచుకుంటాయి. బయట నీటితో కలిసేవి ఉంటాయి. అలా ప్రోటీన్ ఒక గట్టి ముద్దలా మడత పడుతుంది.

వదులు కొసల్లో నూనె రకం తక్కువ. నీటిని ఇష్టపడేవి, విద్యుత్ ఆవేశం ఉన్నవి ఎక్కువ. దాంతో లోపలికి ముడుచుకోవాల్సిన అవసరమే రాదు. ఒక్కో క్షణం ఒక్కో భంగిమ అన్నమాట.

వదులుగా ఉంటే లాభమేంటి?

మొదటి లాభం, ఎక్కువ మందితో చెయ్యి కలపొచ్చు. గట్టి తాళంచెవికి ఒకే తాళం సరిపోతుంది. వదులు కొస మాత్రం ఎదుటి ప్రోటీన్‌ను బట్టి తన భంగిమ మార్చుకుంటుంది. పట్టుకోవడం తేలిక, వదిలేయడమూ తేలిక. జన్యువులను క్షణాల్లో ఆన్ చేసి ఆఫ్ చేయాల్సిన చోట ఈ గుణం చాలా అవసరం.

రెండోది, సరైన చిరునామా. డీఎన్‌ఏను పట్టుకునే కొక్కెం వెతికే అక్షరాల వరుస చాలా చిన్నది. ఒకే పేరున్న ఊళ్లు పది ఉన్నట్టు, అదే వరుస డీఎన్‌ఏలో వేల చోట్ల కనిపిస్తుంది. మరి ఏ ఊరికి వెళ్లాలి? 2020లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఈస్ట్ కణాల్లో ఈ సంగతి తేల్చారు. వదులు భాగాన్ని తీసేస్తే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ తాను వెళ్లాల్సిన చాలా చోట్లకు వెళ్లలేకపోయింది. అంటే చిరునామాలో సగం ఆ కొసలోనే రాసి ఉందన్నమాట.

మూడోది, గుంపు కట్టడం. చారులో తిరగమాత వేస్తే నూనె చుక్కలు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద చుక్కవుతాయి కదా. ఇలాంటి వదులు కొసలున్న ప్రోటీన్లు కూడా కణం లోపల ఒకచోట చేరి చిన్న చిన్న చుక్కల్లా ఏర్పడగలవు. జన్యువును చదవడానికి కావాల్సిన యంత్రాంగమంతా ఆ చుక్కలో పోగవుతుంది. మామూలు పరిస్థితుల్లో కణంలో నిజంగా ఎన్ని చోట్ల ఇలా జరుగుతుందన్నదానిపై శాస్త్రవేత్తల మధ్య వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

కొస కోస్తే.. టీ కణం దారి తప్పింది

ఇక అసలు విషయం. టీ కణాలు తయారయ్యేది గుండెకు కాస్త పైన, రొమ్ము ఎముక వెనకాల ఉండే థైమస్ గ్రంథిలో. ఈ గ్రంథికి రోగనిరోధక శక్తితో సంబంధముందని 1961లో జాక్వెస్ మిల్లర్ కనిపెట్టారు. మూలుగ నుంచి వచ్చిన పసికణాలు ఇక్కడే టీ కణాలుగా మారతాయి. ఆ మార్పును మొదలుపెట్టే ముఖ్యమైన ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో టీసీఎఫ్-1 ఒకటి. మూసి ఉన్న డీఎన్‌ఏను తెరిచి లోపలికి దారి చేసే సత్తా దానికుంది.

అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో గోల్నాజ్ వాహెదీ బృందం ఎలుకల మీద ఒక ప్రయోగం చేసింది. టీసీఎఫ్-1లో డీఎన్‌ఏను పట్టుకునే కొక్కేన్ని ముట్టుకోలేదు. వదులు కొసలోని ఎల్1 అనే ముక్కను మాత్రం తీసేసింది. 2023లో నేచర్ ఇమ్యునాలజీ పత్రికలో వచ్చిన ఫలితాలు ఇలా ఉన్నాయి.

చాలా కణాలు టీ కణాలుగా మారే దారిలో మొదట్లోనే ఆగిపోయాయి. ఎలాగోలా తయారైన కొద్దిపాటి టీ కణాలు కూడా అసలుసిసలు టీ కణాల్లా లేవు. మాస్ట్ కణాల్లో, డెండ్రిటిక్ కణాల్లో పనిచేయాల్సిన జన్యువులు వాటిలో ఆన్ అయి ఉన్నాయి. తొలి దశలో టీసీఎఫ్-1 చేరాల్సిన జన్యువుల దగ్గరికి చేరడానికి కూడా ఆ ముక్కే కావాలని తేలింది.

అంటే ఈ వదులు కొస ఒకేసారి రెండు పనులు చేస్తోంది. టీ కణం జన్యువులను లేపుతోంది. వేరే కణాల జన్యువులను నిద్రపుచ్చుతోంది. ఇందులో ఏ ఒక్కటి తప్పినా కణం అటూ ఇటూ కాకుండా పోతుంది.

బీ కణాల్లో మరో పద్ధతి

బీ కణాల్లో ఇదే తరహా పని చేసేది ఈబీఎఫ్1. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన రుడాల్ఫ్ గ్రోషెడ్ల్ బృందం 2020లో దీని గుట్టు విప్పింది. ఇక్కడ కొస లేకపోయినా ఈబీఎఫ్1 మొదట తన చోటికి చేరుతుంది. అయితే అక్కడ నిలదొక్కుకోలేదు. కొస ఉంటేనే డీఎన్‌ఏ మడతలను విప్పే బీఆర్‌జీ1 అనే ప్రోటీన్‌ను పిలుచుకుని, మూసి ఉన్న జన్యువులను తెరవగలుగుతుంది.

ఈ బృందం ఇంకో ఆసక్తికరమైన పని చేసింది. ఈబీఎఫ్1 కొసను తీసేసి, అదే స్వభావమున్న వేరే ప్రోటీన్ కొసను అతికించింది. పని మళ్లీ మొదలైంది. అంటే కొన్ని చోట్ల కొసలోని అక్షరాల వరుస కన్నా, దాని అంటుకునే స్వభావమే ముఖ్యమన్నమాట.

తేడా వస్తే లుకేమియా

పిల్లల్లో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. ఎదగాల్సిన కణం మధ్యలోనే ఆగిపోయి, అదే దశలో లెక్కలేకుండా పెరిగిపోవడమే ఈ జబ్బు. 2007లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు ఈ జబ్బున్న 242 మంది పిల్లల డీఎన్‌ఏను పరిశీలించారు. బీ కణాల రకం లుకేమియా ఉన్నవాళ్లలో 40 శాతం మందికి, బీ కణాన్ని పెంచి పెద్దచేసే జన్యువుల్లోనే తేడాలున్నట్టు తేలింది. ఆ జాబితాలో పాక్స్5, ఇకారోస్‌లతో పాటు ఈబీఎఫ్1 కూడా ఉంది. ఇవన్నీ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లే.

వదులు కొస వేరే ప్రోటీన్‌కు తప్పుగా అతుక్కుంటే ఇంకో రకం ప్రమాదం. కొన్ని లుకేమియాల్లో క్రోమోజోములు తెగి, తప్పుగా అతుక్కుంటాయి. అప్పుడు నప్98 అనే ప్రోటీన్ వదులు కొస వచ్చి హాక్స్ఏ9 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌కు తగులుకుంటుంది. ఆ కొస గుంపులు కట్టించి, క్యాన్సర్‌కు పనికొచ్చే జన్యువులను గట్టిగా ఆన్ చేస్తుందని 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. మంచి పోగే, కానీ తప్పుడు చోట అతికింది.

మందు ఎందుకు కష్టం? హైదరాబాద్‌కు లింకేంటి?

మామూలుగా మందు బిళ్ల ప్రోటీన్‌లోని ఏదో ఒక గుంటలో కూర్చుని దాని పనిని ఆపుతుంది. వదులు కొసకు స్థిరమైన గుంటే ఉండదు. అందుకే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లకు మందు కనిపెట్టడం చాలా కష్టం.

దీనికి ఒక అడ్డదారి దొరికింది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు లెనలిడోమైడ్ అనే మందు వాడతారు. అది ఇకారోస్ ప్రోటీన్‌లోని వదులు కొస జోలికి వెళ్లదు. గట్టి ఆకారమున్న చిన్న భాగాన్ని పట్టించి, కణంలోని చెత్త తొలగించే వ్యవస్థకు మొత్తం ప్రోటీన్‌ను అప్పగిస్తుంది. ఈ గుట్టు 2014లో బయటపడింది. ఈ మందు జెనరిక్‌లను తయారుచేసే కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మా, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి. 2022లో నాట్కో తన భాగస్వామి టెవాతో కలిసి, డాక్టర్ రెడ్డీస్ సొంతంగా అమెరికా మార్కెట్‌లోకి దీన్ని తెచ్చాయి.

పిల్లల లుకేమియా చికిత్సలో తెలుగువాడి పేరు అంతకన్నా ముందే ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో పనిచేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే, పది మందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. 1948 జూన్‌లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అదే ల్యాబ్ నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఈ పిల్లల చికిత్సలో తప్పనిసరి మందు.

సుగ్గికి వెళ్లే కుటుంబాలకు ఇది ముఖ్యం

లుకేమియా చికిత్స ఒక నెలతో అయిపోదు. సాధారణంగా రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. మొదటి కొన్ని వారాల్లోనే బిడ్డ కోలుకున్నట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి తెలంగాణ వైపు సుగ్గికి పోతాయి. ఆ నెలల్లో మందు ఆగిపోతే, దాక్కున్న కణాలు మళ్లీ లేచే ప్రమాదం ఉంది.

ఊరు విడిచే ముందే డాక్టర్‌తో చెప్పి మందులు, రక్తపరీక్షల తేదీలు రాయించుకోవాలి. పనికి వెళ్లే ఊరికి దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో కూడా అడిగి తెలుసుకోవాలి. ఇంకో జాగ్రత్త ఏంటంటే, ఈ చికిత్సలో మెథోట్రెక్సేట్ బిళ్లలు మామూలుగా వారానికి ఒక్కరోజే ఇస్తారు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. చీటీ మీద వారం పేరు రాయించుకోవడం మంచిది. రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి కాబట్టి, ఆసుపత్రిలో వైద్యమిత్రను కలిసి వివరాలు కనుక్కోవచ్చు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం వద్దు

- వారం దాటినా తగ్గని జ్వరం, రోజురోజుకూ పాలిపోతున్న బిడ్డ
- దెబ్బ తగలకుండానే ఒంటి మీద కమిలిన మచ్చలు, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం
- ఎముకల నొప్పితో నడవనని మొండికేయడం, మెడలో గడ్డలు

వీటిలో ప్రతిదీ లుకేమియా కానక్కర్లేదు. చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. మామూలు రక్తపరీక్షతోనే మొదటి అనుమానం తీరిపోతుంది.

రోగనిరోధక కణాలే సరిగా తయారవ్వని పుట్టుకలోపాలు చాలా అరుదు. ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా రావడం, నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడినా ఫలితం లేకపోవడం, నోట్లో తెల్లపూత పోకపోవడం, బిడ్డ బరువు పెరగకపోవడం వాటి గుర్తులు. మేనరికాల్లో ఇలాంటి కొన్ని లోపాలు వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే తల్లీతండ్రీ ఇద్దరి దగ్గరా ఒకే లోపమున్న జన్యువు ఉండొచ్చు. టీకాలు పిల్లలందరికీ వేయించాల్సిందే. కాకపోతే కుటుంబంలో ఇంతకుముందు పసిపిల్లలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయి ఉంటే, బీసీజీ లాంటి బతికున్న సూక్ష్మజీవి టీకాకు ముందే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి.

రిపోర్టులో అర్థం తెలియని మార్పు అని వస్తే?

హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ వంటి సంస్థల్లో జన్యు పరీక్షలు జరుగుతాయి. కొన్ని రిపోర్టుల్లో జన్యువులో మార్పు ఉంది, దాని ప్రభావం తేలలేదు అని రాసి ఉంటుంది. దానర్థం జబ్బు ఉందని కాదు, లేదని కూడా కాదు. గట్టి ఆకారమున్న భాగంలో మార్పు వస్తే ఆ ఆకారం చెడుతుందో లేదో కంప్యూటర్ చాలావరకు అంచనా వేయగలదు. అదే మార్పు వదులు కొసలో ఉంటే అంచనా కష్టం. చెడడానికి అక్కడ ఆకారమే లేదు మరి.

అలాంటి రిపోర్టు వస్తే దాన్ని పారేయకుండా దాచుకోవాలి. వీలైతే తల్లిదండ్రులిద్దరి రక్తం కూడా పరీక్ష చేయించి, జన్యు వైద్యుడి సలహా తీసుకోవాలి. ఏడాది రెండేళ్ల తర్వాత మళ్లీ చూపించుకోవాలి. టీసీఎఫ్-1, ఈబీఎఫ్1 కొసల మీద జరుగుతున్నలాంటి పరిశోధనలు ముందుకెళ్లే కొద్దీ, ఇవాళ అర్థం కాని మార్పుకు రేపు సమాధానం దొరికే అవకాశం ఉంది.